పాతరలోకి దించిన దీపం

ఇంటి పన్ను వాళ్లు పదిమంది ఒక్కసారిగా మా వాకిట్లోకి దూసుకొచ్చారని నేను అందరికీ చెబుతుంటాను. వచ్చింది ఒక్కరే. ముప్పై దాటని ఇన్‌స్పెక్టరు, చంకలో సంచి, చేతిలో కొలత టేపు. అయినా ఆ పొద్దు నా కంటికి పదిమందిలాగే కనిపించాడు. తప్పు నాది మరి.

అంతకు వారం ముందు బస్టాండు టీ అంగట్లో కూర్చుని, మా మిద్దె కింద ఇంకో ఇల్లుందని కోతలు కోశాను. "నాలుగు గదులప్పా! ఎండాకాలంలో గూడా మహానంది కోనేటి మాదిరి సల్లగుంటాది" అన్నాను. నిజానికి అక్కడున్నది మా తాత వాకిట్లో తవ్వించిన జొన్నల పాతర. గింజలు నిలవచేసే గుంత, అంతే. పైన బండ వేసి, చుట్టూ మట్టి మెత్తి మూసేసి ముప్పై ఏళ్లయింది. పక్క బల్ల మీద టీ తాగుతూ నా మాటలు వింటున్నది పన్ను ఇన్‌స్పెక్టరని నాకేం తెలుసు?

ముందు నోటీసు పంపి, అందులో రాసిన రోజుకే వచ్చాడు. కరెంటు మీటరు చూశాడు. కొళాయి గొట్టం ఎటు పోతోందో వెంట నడిచి చూశాడు. గోడ మీదుగా పక్కింటామెను ఏవేవో అడిగాడు. బీరువా వెనక గోడను వేళ్లతో తట్టి చెవి పెట్టాడు. ఒక్కసారీ గొంతు పెంచలేదు. నాకు భయం వేసింది అందుకే.

"కింద గదులు యాడుండాయి పెద్దాయనా?"

"గదుల్లేవప్పా. ఊరికే కోసినా. అది పాతర."

"అంగట్లో నాలుగంటిరి, ఇంట్లో ఒగటీ లేదంటాండారు. లోపలికి పోయి కొలిచే అధికారం నాకుండాది. అడ్డం పడితే అదీ రాసుకుంటా."

గడ్డపారతో ఇద్దరం బండ జరిపాం. నల్లటి నోరు తెరుచుకుంది. పులిసిన వాసన ఒకటి మెల్లగా పైకొచ్చింది. అతను ఫోను లైటు వేసి తొంగి చూశాడు.

"అడుగు కనపడతాంది. నిచ్చెన యాడ?"

ఏళ్ల తరబడి మూసిన పాతరలో గాలి మనిషిని బతకనివ్వదు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకడు దిగాడు. వాణ్ణి తీయడానికి వాళ్లన్న దిగాడు. ఇద్దరినీ తాళ్లతో పైకి లాగడం నేను కళ్లారా చూశాను. ఇందులో కోత లేదు.

"దిగొద్దప్పా. గాలి చెడింటాది. ప్రాణం పోతాది."

అతను నవ్వాడు. "మొన్న నాలుగు గదులు, ఈ పొద్దు విషగాలి. ఇంగేముండాది కింద, పులా?"

గోడకు ఆనించిన నిచ్చెన తనే తెచ్చి దించుకున్నాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

అప్పుడు కాలరు పట్టుకుని పైకి లాగానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. లాగలేదు. నా చేతులు నా నడుము మీదే ఉన్నాయి. ఆ పులి మాట మనసులో గుచ్చుకుంది. దిగనీ, దిగితే తెలిసొస్తుంది అనుకున్నాను. ఒక్క ఊపిరంత సేపే. కానీ అనుకున్నాను.

ఇంతలో మా ఆమె వంటింట్లోంచి తాడు కట్టిన దీపపు బుడ్డి పట్టుకొచ్చింది.

"ఈయప్ప మాట నమ్మొద్దులే నాయనా, నలభై ఏండ్లుగా నేనే నమ్మలే. ఈ దీపాన్ని సూడు" అంటూ లోపలికి వదిలింది.

మనిషెత్తు దిగిందో లేదో, ఎవరో రెండు వేళ్లతో నలిపినట్టు మంట ఆరిపోయింది. అతని చేతిలో ఫోను మాత్రం వెలుగుతూనే ఉంది. దానికి గాలితో పనేముంది?

అతను కాలు వెనక్కి తీసుకుని బండ మీద కూలబడ్డాడు. మా ఆమె ఇచ్చిన చెంబెడు నీళ్లూ తాగాడు. తర్వాత పైనుంచే టేపు వదిలి లోతు కొలిచి, "ధాన్యం పాతర, గది కాదు" అని రాసి నా సంతకం తీసుకున్నాడు. పోయే ముందు నాకు చేతులు జోడించాడు.

"మీరు చెప్తానే ఉండారు పెద్దాయనా. నేనే ఇనలే."

ఆ దండం ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు. మా ఆమె తాడు చుట్టుకుంటోంది. దీపంతో ఆమె గడప దాటినప్పుడు నా చేతులు ఎక్కడున్నాయో ఆమె చూసింది.