బోనకల్ బదిలీ

మా శాఖలో భద్రాచలం పోస్టింగు అంటే శిక్ష కిందే లెక్క. ఏడాది పొడుగునా మేము బతికున్నామో, మలేరియాతో పోయామో ఖమ్మంలోని జిల్లా ఆఫీసుకు పట్టేది కాదు. శ్రీరామనవమి దగ్గరపడుతుందనగా మాత్రం మా మీద ప్రేమ పుట్టుకొచ్చేది. "ఏమయ్యా, బాగున్నావా? పిల్లలు బాగున్నారా? ఇంట్లో గదులెన్ని?" అని ఫోను. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేవరకు ఆగేవారు కారు.

మనుషులు పుచ్చుకోవడానికే ఇస్తారని కాలేజీలో మా సోషియాలజీ లెక్చరరు ఒక సిద్ధాంతం చెప్పేవాడు. పరీక్షలో రాసేసి వదిలించుకున్నాను. దాన్ని మా హెడ్ క్లర్కు ఏటా చైత్రంలో ప్రాక్టికల్సుగా చేసి చూపించేవాడు.

ఆయనా నేనూ ఒకే పెంకుటింట్లో చెరో వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. ఆయన భార్యను నేను వదినా అని పిలిచేవాణ్ణి. ఆమె బోనకల్‌లో టీచరు. సెలవు దొరికినప్పుడే వచ్చేది. మిగతా రోజులు ఆయన నా వంట తిని, దాని మీద అభిప్రాయాలు చెప్పేవాడు. బోనకల్‌లో మా శాఖకు చిన్న ఆఫీసొకటి ఉంది. అక్కడికి బదిలీ అయితే ఆలుమగలు ఒక కప్పు కింద ఉండవచ్చు. ఆయన కోరింది అంతే. అది జిల్లా అధికారి చేతిలో పని. అందుకని అధికారిగారి అత్తవారిని ఏటా నవమికి తన వాటాలో దించేవాడు.

దించడమంటే ఇల్లు వాళ్ళకు అప్పగించి, తను వచ్చి నా చాప మీద పడుకోవడం. వాళ్ళు సత్తుపల్లి వైపు మోతుబరులు. దేవుడి పెళ్ళికి మగపెళ్ళివారిలా వచ్చేవారు. గోదావరి పక్కనే ఉంది కదా అంటే, "గోదావరి పుణ్యానికి, వేణ్ణీళ్ళు ఒంటికి" అని విడమరిచి చెప్పారు. ఆ వేణ్ణీళ్ళు కాచడానికీ, వాళ్ళందరికీ వండడానికీ వదిన తన సెలవులు దాచిపెట్టేది.

కల్యాణం చూసుకుని వాళ్ళతో వెళ్ళేటప్పుడు అధికారి మా హెడ్ క్లర్కు భుజం తట్టి "చూద్దాం" అనేవాడు. ఆ ఒక్క మాటనే ఈయన మళ్ళీ నవమి దాకా నంజుకు తినేవాడు.

"తమ్మీ, ఈసారి చూద్దాం అన్న తీరే వేరు."

"ఏం తీరన్నా?"

"నవ్విండు."

కిందటేడూ నవ్వాడు. అప్పుడు పళ్ళు కనబడలేదట.

మూడో ఏడు, నవమి ముందురోజు సాయంత్రం. వదిన మర్నాటికి కూరగాయలు తరుగుతోంది. అధికారిగారి అత్తగారు అరుగు మీద విసనకర్రతో కూర్చుంది. నేను నా గుమ్మంలో పేపరు చదువుతున్నాను.

"ఈ ఏడు మాకు బదిలీ అయితదంటున్నరమ్మా," అన్నది వదిన. "వచ్చేసారికి మేం ఈడ ఉంటమో ఉండమో."

పెద్దావిడ హాయిగా నవ్వింది. "ఎక్కడికి పోతారే అమ్మాయ్! మీ ఆయన్ని కదిపితే మనం కల్యాణానికి ఎక్కడ దిగాలని మా అల్లుడే అన్నాడు. అల్లుడున్నన్నాళ్ళు మిమ్మల్నెవరూ కదపర్లే. భయపడమాక."

అభయమిచ్చినట్టే చెప్పింది. ఆవిడలో కల్మషం లేదు. కల్మషానికి కూడా కాస్త తెలివి ఉండాలి.

వదిన కూరగాయలన్నీ తరిగి, కత్తిపీట కడిగి, నా వాటాలో ఉన్న భర్తకు ఆ మాట చెప్పింది.

"ముసలామె ఏదో అంటది," అన్నాడాయన. "సారు మనసు నాకెరుక."

తెల్లవారి మొదటి బస్సుకు ఆమె సంచి పట్టుకుని బయలుదేరింది. "మీ సారు సేవ మీరే చేసుకోన్రి. నాకు బడున్నది."

శ్రీరామనవమికి బడేమిటని ఆయనకు తట్టేలోపు బస్సు వంతెన ఎక్కింది.

ఆ పూట వంట మేమిద్దరం చేశాం. అన్నం ఆయనది. కొంత ఉడికింది, కొంత ఉడకలేదు. పప్పు నాది. మాడింది. కల్యాణం చూసొచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేదు. "ఆడదిక్కు లేని కొంపలో దిగితే ఇంతే," అంటూ పెద్దావిడ జీపెక్కింది. ఆ ఏడు అధికారి భుజం తట్టలేదు, "చూద్దాం" అనీ అనలేదు.

ఎండాకాలం బదిలీల్లో హెడ్ క్లర్కుకు బోనకల్ వేశారు. పరిపాలనా సౌలభ్యం కోసమట. ఆయన స్థానంలోకి వచ్చే మనిషి గురించి ఆరా తీశాను. కుటుంబంతో వస్తున్నాడు. భార్య చేతి వంట అమృతమని జిల్లా ఆఫీసంతా చెప్పుకుంటోంది.

హెడ్ క్లర్కు ఆర్డరు కళ్ళకద్దుకున్నాడు. "చూసినవా తమ్మీ! చేసిన సేవ యాడికి పోతది? మీ వదినకే ఓపిక లేకపాయె."

సామాను కట్టడానికి వదిన వచ్చింది. ఆయన పొద్దున్నే అడవి తేనె కోసం పోయాడు.

"ఏడికి పోయిండు మరిదీ?"

"తేనెకు. ఖమ్మంల దిగి సారుకు ఇచ్చి దండం పెట్టి పోతడట."

ఆమె పరుపుచుట్ట మీద మోకాలు ఆన్చి తాడు లాగింది. "పప్పు మాడగొట్టింది నువ్వాయె. తేనె సారుకా?"

ఆయన రెండు సీసాలతో వచ్చాడు. ఆమె ఒకటి తీసి నా గూట్లో పెట్టింది. సారుకు ఒకటి చాలని ఆయనతో చెప్పి, మళ్ళీ తాడు బిగించసాగింది.