నర్సింగమ్మ తొలిపండు

నర్సింగమ్మ కడుపు సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆడమనిషి కడుపు గురించి పదిమంది మాట్లాడుకోవడం కంటే నామోషీ ఇంకేముంటుంది? కానీ జట్టుగా గుట్ట ఎక్కే పనిలో చెంబు పట్టుకుని పొదల చాటుకు పరుగెత్తే మనిషి ఎవరి కంటా పడకుండా ఎట్లా ఉంటుంది! ఓ రోజు పారేది. ఆ తర్వాత రోజుల తరబడి బిగదీసి కడుపు డప్పులా ఉబ్బేది. దాన్ని రోగమని ఎవరూ అనలేదు. రోగమైతే మంచాన పడాలి గదా, ఈమె లేచి తిరుగుతూనే ఉందాయె.

పాలమూరుకు తూర్పున గుట్టల కింద ఉండే ఆ ఊరికి ఆమె కోడలుగా వచ్చింది. కుంట భూమి లేని ఇల్లు. ఏడాదంతా దొర చేలల్లో కూలి. వానలు వెనకబట్టాక మాత్రం సీతాఫలాలు. ఆడవాళ్లంతా గుట్ట ఎక్కి, గీతలు తెల్లబడి కండ్లు తెరిచిన కాయలు తెంపి, గంపలో ఆకు పరిచి పేర్చి, పాలమూరు స్టేషన్ దాకా నెత్తిన మోసుకుపోయేవాళ్లు. గుత్తేదారు వాటిని రైలుకెక్కించి పట్నం పంపేవాడు. ఆ గంప దొరికిన ఇంట్లోనే చలికాలం జొన్నరొట్టె కాలేది.

గంప ఎత్తాలంటే ముందు తొలిపండు తినాలి. ముందురాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా, తలకు పోసుకుని గుట్ట మొదట్లో ఉన్న మైసమ్మ రాయి దగ్గరికి రావాలి. తల్లికి పెట్టిన మాగిన పండ్లలో తలా ఒకటి, గింజలు తప్ప ఏమీ మిగల్చకుండా తినాలి. కడుపులో నిలిస్తే గుట్ట రమ్మన్నట్టు. నిలవకపోతే తల్లి వద్దన్నట్టు, ఆ ఏటికి గంప లేనట్టు.

మొదటి ఏడు నర్సింగమ్మ ఆకలి మీద పండంతా ఆబగా తిన్నది. సగం గుట్ట ఎక్కేసరికి పేగులు మెలిపెట్టాయి. జట్టు పెద్ద పుల్లమ్మ ఆమె నెత్తి మీది గంప దించింది. పుల్లమ్మ చెడ్డదేం కాదు. "నేను వద్దనలే బిడ్డా, తల్లి వద్దన్నది," అని వీపు నిమిరింది. మరుసటి ఏడూ అదే తంతు. పెనిమిటి జానయ్య ఆమెను పాలమూరు దవాఖానకు తీసుకుపోతే, అక్కడి కంపౌండరు చేదు నీళ్ల సీసా ఇచ్చి, "పండ్లు బంద్ చెయ్యి, ఒక్కటి గూడ ముట్టకు," అన్నాడు. ఆమె మామిడి ముట్టలేదు, జామ ముట్టలేదు, చెట్టు కింద రాలిన నేరేడు పండును తొక్కుకుంటూ పోయింది. తొలిపండు నాడు ఆ మాటే చెబితే పుల్లమ్మ తల అడ్డంగా ఊపింది.

"దవాఖానోని మాట మైసమ్మకు ఎట్ల చెప్తం నర్సీ? తినకుంటే తల్లిని కాదన్నట్టే."

ఆమె తినలేదు, మళ్లీ గంప పోయింది. తానేదో పాపం చేసిందని నర్సింగమ్మ గట్టిగా నమ్మింది. కడుపు నొప్పి కంటే ఆ నమ్మకమే ఆమెను ఎక్కువ తిన్నది.

కొడుకు పుట్టిన మరుసటి ఏడు సంగతి మారింది. తొలిపండు నాడు తెల్లవారుజామున కళ్లు తిరిగి కూలబడితే, "పాలిచ్చే దానివి, తల్లి ఏమనదు, తాగు," అని అత్త బలవంతంగా జొన్న అంబలి తాగించింది. రాయి దగ్గర ఒళ్లో పిల్లవాడు పండు కోసం చేతులు చాపుతుంటే, గింజ తీసిన గుజ్జు వాడి నోట్లో పెడుతూ సగానికి పైగా వాడికే పెట్టింది. గుట్ట ఎక్కుతున్నంతసేపూ గుండె చేతిలో పట్టుకునే నడిచింది. ఏమీ కాలేదు.

మైసమ్మ పసివాణ్ని చూసి జాలిపడిందనుకుంది. కానీ ఆ తర్వాత ఓ మధ్యాహ్నం అందరిలాగే ఖాళీ కడుపున పగిలిన పండ్లు వరసగా తినేసరికి, సాయంత్రానికి పాత కథే. అప్పుడు అనుమానమొచ్చింది. ఆనాటి నుంచి దొంగమేకను కనిపెట్టుకుని ఉన్నట్టు తన కడుపును కనిపెట్టుకుని ఉంది. రొట్టె తిన్నాక బాగా మాగిన పండు సగం, నిదానంగా తింటే ఊరుకునేది. ఆశపడి ఇంకోటి తింటే ఊరుకునేది కాదు. మామిడి చిన్న ముక్క సరే, రసం జుర్రితే తప్పేది కాదు. ఇంట్లో గొడవైన నాడు ఏ పండూ పనికిరాదు. రోగం పోలేదు, బతికినన్నాళ్లూ పోలేదు. దానితో కాపురం చేయడం మాత్రం నేర్చుకుంది.

ఎవరికీ చెప్పలేదు. ఏటా చీకటితో అంబలి తాగి వచ్చేది, సగం పండు కొంగులో దాచేది. తల్లి కరుణించిందని అందరూ అంటే తల దించుకునేది.

మరిదికి పెళ్లయి తోడికోడలు బిక్షమ్మ వచ్చింది. ఆ పిల్లా చెంబు పట్టుకుని పరుగెత్తే రకమే. వచ్చిన ఏడే గంప పోయింది. పండు మళ్లీ నిలవకపోతే పుట్టింటికి పంపేస్తామని ఇంట్లో తేల్చేశారు. నర్సింగమ్మ చాటుగా చెప్పి చూసింది. పిల్ల చెవులు మూసుకుంది.

"తల్లికి దొంగతనంగ తినుడా? నాతోని కాదక్కా."

తొలిపండు నాడు అందరూ రాయి చుట్టూ కూర్చున్నాక నర్సింగమ్మ వెంట తెచ్చిన ముంత మూత తీసి, అందరి ముందూ అంబలి తాగింది.

"ఏటేటా తాగే వస్తున్న పుల్లవ్వా. సగం పండే తింటున్న. అట్ల తిన్నంక గుట్ట నన్ను ఎన్నడూ నెట్టలే. ఉపాసం మా కడుపులకు పడది, అంతే. తల్లికి కోపమొస్తే నా మీద రానీ," అని ముంత బిక్షమ్మ చేతిలో పెట్టింది. "ఇప్పుడు దొంగతనం లేదు. తాగు."

పిల్ల తాగింది. పుల్లమ్మ ఒక పండు చేతుల్తో విప్పి, సగమే బిక్షమ్మకు ఇచ్చింది.

"ఈ పిల్ల గుట్ట ఎక్కుతది. నువ్వు మాత్రం గంప ఇడిసిపెట్టు నర్సీ. ఇన్నేండ్లు తల్లి ముంగట అబద్ధం ఆడినవు."

నర్సింగమ్మ గంప అక్కడే వదిలి, ఇంటికి పోయి కొడవలి తీసుకుని దొర చేను వైపు నడిచింది. ఆ ఏడే కాదు, మళ్లీ ఎన్నడూ ఆమె గుట్ట ఎక్కలేదు. బిక్షమ్మ కడుపులో పండు ఆ రోజు నిలిచింది, కాపురమూ నిలిచింది.

మరుసటి ఏడు తొలిపండు నాడు ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు కొంగు చాటున అంబలి ముంతలు తెచ్చుకున్నారు. ఇన్నేండ్లూ వాళ్లెవరూ కడుపు నొప్పని నోరు తెరిచినవాళ్లు కారు. పుల్లమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. చూడాల్సిన మనిషి మాత్రం అక్కడ లేదు, దొర చేలో వంగి కలుపు తీస్తోంది.