బాతమ్మ గొంతు

పిల్లలు ఇష్టంగా చూసే, బాతమ్మ అనే తల్లిబాతు బొమ్మల సినిమాలకు తోడు ఇప్పుడు పిల్లబాతు కథ కూడా వస్తోందని నాకు మొదట చెప్పింది మా ఎదురింటి మరియమ్మ. ఆ వారమే ఫిల్మ్‌నగర్ బస్సులో, జ్వరంతో కాలిపోతున్న నా మనవరాలు మందు తాగనని నోరు బిగించింది. పక్క సీట్లో ఉన్నావిడ, నేను పలకరించినా మాట్లాడక, ‘సాయంత్రం డబ్బింగ్, గొంతు దాచుకోవాలి’ అని ఫోన్‌లో రాసి చూపించింది. కాసేపాగి తనే పాప వైపు వంగింది.

“నా రెక్క కింద కూర్చుని మారామేంటే? గుటుక్కున మింగెయ్.”

సినిమాలో వినే బాతమ్మ గొంతే అది. పాప నోరు తెరిచింది. ఆవిడ దగ్గుతూ ఫ్లాస్కులో వేడినీళ్లు తాగింది.

“సాయంత్రం ఎలాగండీ?” అన్నాను.

“పాప తాగింది కదండీ.”

“మీ పేరు చెప్పండి, తెర మీద చూసుకుంటాం.”

“మా పేర్లు వెయ్యరండీ,” అని నవ్వి దిగిపోయింది.

పేరు తెలియదు కాబట్టి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పేటప్పుడు ఆమెను బాతమ్మ అనే అంటాను. మీ పిల్లలు బాతమ్మ సినిమా చూసి నవ్వినప్పుడు, ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.