ఒక పేజీలో నలభై ఒక్కమంది

ఎమ్మిగనూరు తల్లీపిల్లల కేంద్రంలో దానమ్మ నర్సమ్మ. కాన్పు చేసి, బొడ్డు కోసి, పదోనాడు వెళ్లి ఒకసారి చూసి వచ్చిందంటే ఆమె పని అయిపోయినట్టే. కానీ ఆమెకు అక్కడితో ఆగబుద్ధి కాలేదు. 1951లో తన చేతుల మీద పుట్టిన పిల్లల్ని నెలనెలా ఇంటికి వెళ్లి చూసి, ఒక గీతల నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది. ఎవరు ఏ నెలలో మెడ నిలిపారు, ఎవరు బోర్లాపడ్డారు, గోడ పట్టుకుని లేచింది ఎప్పుడు, మొదటి మాట ఏది, అది ఎవరిని చూసి అన్నది. అలా నలభై ఒక్కమంది. ఎక్కువమంది మగ్గాల ఇళ్ల పిల్లలు, కొందరు కూలోళ్ల పిల్లలు. పంతొమ్మిదో నంబరు ఆమె సొంత కూతురు సారమ్మ. పెళ్లయిన పదకొండేళ్లకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ.

"ఇదంతా ఎందుకమ్మా రాస్తాండావు?" అని ఇళ్లల్లో అడిగేవాళ్లు.

"ఏమో, తెలుసుకోవాలని ఉండాది," అనేది దానమ్మ. అంతకంటే ఆమెకూ తెలియదు.

తరువాతి ఏడాది వానల్లేవు. ఆ తరువాతా సరిగ్గా పడలేదు. నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. తల్లులు పసిపిల్లల్ని పెద్దపిల్లల చేతుల్లో పెట్టి రోడ్డు పనికి కంకర కొట్టబోయారు. గంజి కేంద్రాల ముందు పొద్దుటి నుంచే వరుసలు. దానమ్మ ఆ వరుసల్లోనే తన పిల్లల్ని వెతుక్కుని, ఎత్తుకుని, చూసి రాసుకునేది. అప్పుడే ఆమెకు ఒక సంగతి కనబడింది. పొద్దంతా ఎవరో ఒకరు పలకరిస్తూ ఉండే పిల్లలు, కడుపు సగమే నిండినా, ఏడాదికల్లా మాటలు నేర్చారు. ముసలవ్వ నూలు కండెలు చుడుతుంటే ఆమె ఒళ్లో కబుర్లు వింటూ పెరిగినవాళ్లు వీళ్లు. మాట్లాడే మనిషి లేక నులక మంచానికి కట్టేసి ఉంచిన పిల్లలకు నాలుగైదు నెలలు ఆలస్యమైంది. ఊళ్లోవాళ్లు ఆ పిల్లల్ని మందబుద్ధులనుకున్నారు. తల్లులు ఇంటికి తిరిగొచ్చాక ఆ పిల్లలే గలగలా మాట్లాడారు.

ఆ కరువులోనే ఏడుగురు పోయారు. కొందరు తట్టు వచ్చి, కొందరు వాంతులూ విరేచనాలతో. మగ్గం నేసే హులిగమ్మ కొడుకు ఆదెప్ప పోయాడు. 1953 జూన్‌లో సారమ్మ పోయింది. పంతొమ్మిదో నంబరు కింద చివరిగా రాసి ఉన్నది: "ఇరవై ఒకటో నెల. రెండు మాటలు కలిపింది. 'అమ్మ రా' అన్నది." దాని తరువాత ఆ పేజీ ఖాళీ.

మరుసటి ఏడాది జూలైలో, తనిఖీకి వచ్చిన డాక్టరమ్మ ఆ నోటుబుక్కును మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. తరువాత సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. డిసెంబరులో మద్రాసులో పిల్లల ఎదుగుదల మీద పెద్ద సదస్సు జరుగుతుంది. పరిశోధన చేసినవాళ్లు దాని సారాంశం పంపవచ్చు. ఇంగ్లీషులో, టైపు చేసి, ఒక్క పేజీకి మించకుండా, సెప్టెంబరు ఆఖరులోగా.

"నాది పరిశోధనా అమ్మా?" అంది దానమ్మ.

"మరేమిటనుకున్నావు?" అంది డాక్టరమ్మ.

భర్త యేసేపు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు కూలీ. ఆదివారం ఆదివారం ఇంటికి వస్తాడు. ఆ వారం ప్రార్థన ముగిసి ఇంటికి నడుస్తుంటే దానమ్మ చెప్పింది. అతను నడక ఆపేశాడు.

"మన పాపను గూడా దాంట్లో రాస్తావా?"

"రాసేదే గదా. పాప నంబరు ఉండాది."

"నంబరా? నీకు నంబరేమో. నాకు బిడ్డ," అని ముందుకు వెళ్లిపోయాడు. సాయంత్రం మిల్లుకు బయల్దేరుతూ గుమ్మం దగ్గర నిలబడి, "రాయి. కాని పేరు సరిగ్గా రాయి," అన్నాడు.

ఆదోనిలో గురురాజ అయ్యవారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆయన దగ్గర పాత టైపు మిషను ఉంది. డాక్టరమ్మ చీటీ పట్టుకుని ఒక శనివారం దానమ్మ బస్సులో వెళ్లింది. ఆయన లోపలికి రమ్మనలేదు. అరుగు మీదే చాప వేయించి, తానూ మిషను తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తెలుగులో చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో కొట్టాడు. మూడు శనివారాలు పట్టింది. మొదట్లో మొగమాటంగా ఉన్నవాడు రెండో వారానికి, "భలే గమనించినావమ్మా, నా మనవడు గూడా ఇట్లే ఆలస్యంగా మాట్లాడినాడు," అంటూ తానే ప్రశ్నలు వేయసాగాడు.

మూడో శనివారం పేజీ నిండిపోయింది. పోయిన ఏడుగురి గురించి ఆఖరున రెండు వాక్యాలు మిగిలాయి.

"మొదట నలభై ఒకటి అంటాండావు. కడకు లెక్క ముప్పైనాలుగే వస్తాది," అన్నాడు గురురాజ. "చదివేటోళ్లు తికమక పడతారు. ఏడుగుర్ని వదిలేసి, ముప్పైనాలుగు మంది అనే మొదలుపెడదాం. చోటూ కలిసొస్తాది."

"వద్దు సారూ."

"మధ్యలో నిలిచిపోయిన పిల్లలు లెక్కకు ఎట్ల పనికొస్తారమ్మా?"

"పోయిన దినం దాకా ఎదిగినారు గదా సారూ. ఆదెప్ప పదో నెల్లోనే నడిచినాడు. ఈ పంతొమ్మిదో నంబరు పిల్ల, అందరికంటే ముందు రెండు మాటలు కలిపింది."

గురురాజ నోటుబుక్కు అందుకుని పంతొమ్మిదో పేజీ చూశాడు. తల్లి పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

"అయితే ఏదో ఒకటి తీసేయాల," అన్నాడు కళ్లద్దాలు పెట్టుకుని. "పేజీ దాటకూడదు."

"నేను పన్నెండేండ్లు నర్సు పని చేసినాననేది తీసేయండి."

ఆయన కొత్త కాగితం ఎక్కించి మొత్తం మళ్లీ కొట్టాడు. ఆఖరున ఏడు పేర్లు, ఒక్కొక్కరూ ఎన్ని నెలలు బతికిందీ పడ్డాయి.

నవంబరులో జవాబు వచ్చింది. సారాంశం అంగీకరించారు. పది నిమిషాలు చదవడానికి రమ్మన్నారు. యేసేపు ఆ ఉత్తరాన్ని మిల్లుకు తీసుకెళ్లి చదువు వచ్చిన ప్రతి మనిషికీ చూపించాడు. దానమ్మకు నాలుగు రోజుల సెలవు దొరికింది. ఆదోని స్టేషనులో మద్రాసు బండి ఎక్కించడానికి గురురాజ కూడా వస్తానన్నాడు.

ప్రయాణం రోజు పొద్దున హులిగమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆదెప్ప పోయాక మళ్లీ నిలిచిన కడుపు. దానమ్మ వెళ్లి చూసేసరికి బిడ్డ కాళ్లు ముందుకు ఉన్నాయి. ఆదోని ఆసుపత్రికి బండిలో తీసుకుపోయేంత వ్యవధి లేదు.

"నువ్వు ఊరికి పోవాలంట గదక్కా," అంది హులిగమ్మ పళ్లు బిగబట్టి.

"యాడికీ పోను. నువ్వు మాట్లాడాకు," అంది దానమ్మ చేతులు కడుక్కుంటూ.

మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. మొదట నీలంగా ఉండి, వీపు మీద తట్టాక ఏడ్చింది. అప్పటికి బస్సు వెళ్లిపోయింది. రైలూ వెళ్లిపోయింది. గురురాజ స్టేషనులో బండి కదిలేదాకా నిలబడి, ఆమె రావడం లేదని మద్రాసుకు తంతి ఇచ్చి ఇంటికి వెళ్లాడు.

ఫిబ్రవరిలో సదస్సు పుస్తకం పోస్టులో వచ్చింది. దానమ్మ దాన్ని విప్పకుండానే ఆదోని తీసుకెళ్లింది. గురురాజ చదువుతూ చదువుతూ నెమ్మదించాడు. దానమ్మ పేరు ఉంది. మాటల సంగతి అంతా ఉంది. నలభై ఒకటి లేదు. "ముప్పైనాలుగు మంది పిల్లలను గమనించగా" అని మొదలైంది. ఆఖరి రెండు వాక్యాలు లేవు.

"చోటు చాలక తీసేసి ఉంటారమ్మా," అన్నాడాయన, తానే తప్పు చేసినవాడిలా. అప్పటికప్పుడే కూర్చుని వాళ్లకు ఉత్తరం రాశాడు. అచ్చు అయిపోయింది కనుక చేయగలిగింది లేదని నెల తరువాత రెండు ముక్కల జవాబు వచ్చింది.

ఆ సంగతి దానమ్మ యేసేపుకు చెప్పింది. అతను పెరట్లోకి వెళ్లి, పగిలిన కట్టెల్నే మళ్లీ పగలగొట్టాడు.

దానమ్మ పుస్తకం సంచిలో పెట్టుకుని పసిదాన్ని చూడడానికి వెళ్లినప్పుడు హులిగమ్మ మగ్గం కింది గుంతలోంచి పైకి వచ్చింది. పుస్తకం వచ్చిందని ఆమె ఎవరి దగ్గరో విన్నది.

"మా ఆదెప్ప పేరు దాంట్లో ఉండాదా అక్కా?"

హులిగమ్మకు చదువు రాదు. ఉందని చెప్పి ఏ వరుస మీద వేలు పెట్టినా నమ్ముతుంది. దానమ్మకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు. రాసి పంపినాను. తీసేసినారు," అంది.

హులిగమ్మ పుస్తకాన్ని చేతుల్లోకి తీసుకుని, తిరగేసి, మళ్లీ ఇచ్చేసింది.

"నువ్వు రాసినావు గదా," అంది. "నా కాడ ఇంగ ఎవురూ వాని పేరు ఎత్తరక్కా. వాళ్లనాయన గూడా ఎత్తడు."

ఇద్దరూ మగ్గం పక్కన నేల మీద కూర్చున్నారు. హులిగమ్మ ఆదెప్ప గురించి చెప్పడం మొదలుపెట్టింది. నోటుబుక్కులో లేనివి చాలా చెప్పింది. దానమ్మ రాసుకోలేదు. వింటూ కూర్చుంది. ఒళ్లోని పసిది మాత్రం మాట్లాడుతున్న తల్లి నోటి వంకే రెప్ప వేయకుండా చూస్తూ ఉంది.