మచ్చే సరుకు

మా పెద్దమ్మ మంగళవారం పొద్దున్న పోయింది. కిడ్నీ జబ్బు. ఉద్దానం మనిషి పోతే పేపర్లో రాసేది ఆ ఒక్క ముక్కే. ఆమె కళ్ల గురించి ఎవడూ రాయడు. నేను రాస్తాను.

పలాస జీడి ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు పప్పు ఏరింది. బల్ల మీద పోసిన పప్పులో మచ్చ ఉన్నది దానంతటదే వచ్చి ఆమె వేలికి తగిలేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పని నేర్పింది. డయాలసిస్ మొదలయ్యాక సూపర్‌వైజర్ "నీ కళ్లు పోయాయమ్మా" అని తొక్క ఊడ్చే పనికి పంపాడు. నేను కలబడ్డాను. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

నేను చదివింది పదో తరగతి. మిగతాది ఫోన్‌లో నేర్చుకున్నాను. నక్షత్రాల ఫొటోలు చూసే పనీ అందులోనే దొరికింది. ఆకాశంలో ఒకే చోటుది పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన చూపిస్తారు. కొత్తగా కనబడే చుక్క నిజమా, కెమెరా తప్పా అని శాస్త్రవేత్తలు అందరినీ అడుగుతారు. డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు ఊరికే ఎందుకని పెద్దమ్మకిచ్చాను.

వారం రోజులు చుక్క ఉన్న ప్రతిదానికీ 'కాదు' అనే నొక్కేసింది.

"పెద్దమ్మా, అలా పారెయ్యకు. ఇక్కడ మచ్చున్నదే కావాలి."

"ఓలమ్మో! ముప్పయ్యేళ్లు మచ్చ ఏరి పారేసినాను. ఇక్కడ మచ్చే సరుకేటే గుంటా?"

ఒకనాడు ఒక గెలాక్సీ అంచున నలుసంత చుక్క దగ్గర ఆగిపోయింది. నాకది కెమెరా తప్పులాగే ఉంది. చూసినవాళ్లు చాలామంది కాదనేశారు.

"పురుగు మచ్చకీ నూని మచ్చకీ తేడా తెల్దేటే నీకు? అంచు సూడు. ఇది నిజిం."

'అవును' నొక్కి, ఇంకోసారి చూడమని నా చేత ఇంగ్లీషులో రాయించింది. అప్పట్నుంచి మంచమెక్కిన ప్రతిసారీ ఒకటే గోల: "కబురొచ్చినాదేటే? నా కళ్లు పోనాయో నేదో సెప్పమను."

వచ్చింది. పెద్ద టెలిస్కోపుతో చూశారట. నిజమే, ఒక నక్షత్రం పేలిపోయింది. ఆ వెలుగు అక్కడ బయల్దేరేనాటికి భూమ్మీద మనిషే లేడు. అన్నాళ్లు నడిచొచ్చి, చీపురు పట్టాల్సి వచ్చిన మనిషి కంట్లో పడింది. పెద్దమ్మకి రెండుసార్లు చదివి చెప్పాను.

"పక్క మంచానికియ్యి," అంది పెద్దమ్మ.

ఫోన్ మంచం నుంచి మంచానికి వెళ్లింది. అందరికీ ఒక చేతికి గొట్టాలు. రెండో చేత్తో అందుకుని చూశారు. చివరి మంచం మీద కంచిలి పెద్దాయన ఫోన్ ముక్కుకి ఆనించుకుని, "ఏదీ? నాకేటీ అవుపడ్నేదే" అన్నాడు.

పెద్దమ్మ గొట్టాలున్న చెయ్యి కదపకుండా, మెడ మాత్రం ఎత్తి, గది ఆ కొసకి వినబడేలా చెబుతోంది: "అద్దాలు తుడుసుకో బావా. ఎడమేపు. ఇంకా ఎడమేపు. సిన్నది... ఆఁ, అదే."