చెరుకాకు చుట్టిన తీగ

2007 చలికాలం. బోధన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు చూసే పని నాది. ఆ రోజుల్లో మా టేబుల్ మీదికి రెండు రకాల దరఖాస్తులు వస్తుండేవి. సెల్లు కొనుక్కున్నాం, మీ ఫోను మీరు తీసుకుపోండి అనేది ఒకటి. నెట్టు నెమ్మదిగా ఉంది అనేది రెండోది. మొదటిది చూస్తే బాధ, రెండోది చూస్తే చిరాకు. ఏళ్ల తరబడి మనుషుల గొంతులు మోసిన రాగి తీగల మీదే బ్రాడ్‌బ్యాండ్ కూడా నడపమన్నారు మరి. నెట్టు గురించి గోల పెట్టేవాళ్లలో సగం మందికి సినిమా దిగకపోవడమే కష్టం. "రాత్రి పెట్టి పడుకోండి, పొద్దుటికి దిగుతుంది" అని చెప్పి పంపేసేవాణ్ణి.

నాకు నా చెవి మీద మహా గర్వం. మా పనిలో చెవే మొదటి మీటరు. రిసీవర్ ఎత్తి డయల్ టోన్ విని లైను జాతకం చెప్పేవాణ్ణి. గరగరమంటే జాయింటు చెడింది, పక్కింటివాళ్ల మాటలు వినబడితే కేబుల్లో నీళ్లు దిగాయి. ఎక్స్ఛేంజిలో అందరూ నన్ను 'చెవి డాక్టర్' అని ఎగతాళి చేస్తే, నేనేమో బిరుదిచ్చినట్టు మురిసిపోయేవాణ్ణి.

ఆ రోజు వచ్చిన కంప్లైంటు చెరుకు బండ్లు పోయే రోడ్డు మీది ఇంటిది. ముందు గది జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోల దుకాణం. లోపలి గదిలో ఇల్లు. దుకాణం నడిపే రాజేందర్ నన్ను చూడగానే కుర్చీ వేశాడు. అతని తల్లి సత్తవ్వ గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది.

"ఒచ్చినవా సారూ! మూడు దినాల సంది ఫోన్ జేపిస్తున్న. మీ ఆఫీసోళ్లు ఒస్తడు ఒస్తడు అంటుండ్రు గని, ఒచ్చుడు లేదు."

"వచ్చిన గదా అవ్వా, ఇగ తిట్లు ఆపు" అన్నాను.

కంప్యూటర్ ముందు కూర్చుని స్పీడ్ టెస్ట్ పేజీ తెరిచాను. అది ఒక ఫైలును మన దగ్గరికి తెచ్చి, ఎంత తొందరగా వచ్చిందో లెక్కగట్టి చూపిస్తుంది. వాళ్లు కట్టే ప్లానుకు రావాల్సినంతా వస్తోంది. రాజేందర్ కూడా ఒప్పుకున్నాడు. "హాల్ టికెట్లు, రిజల్టులు అన్నీ మంచిగనే వస్తున్నయి సార్. కంప్లైంటు నాది కాదు, మా ఆమెది."

ఇంకేం, లైను బాగుంది అని రాసేసి బ్యాగు సర్దుకున్నాను. లేచేసరికి లోపలి గది గుమ్మంలో ఒక ఆడమనిషి అడ్డంగా నిలబడి ఉంది. బాలింత. చెవులకు దూది, తల చుట్టూ గట్టిగా గుడ్డ. ఒక చేత్తో గోడ పట్టుకుంది. గోడ వదిలేసి రెండు చేతులూ పైకెత్తి గాలిలో గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. చేతులు ఎక్కడివక్కడే, నోరు సగం తెరిచి, రెప్ప కూడా వేయకుండా అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి ఒక్కసారి కదిలి, మళ్లీ బిగుసుకుపోయింది.

నేను బిత్తరపోయాను. సత్తవ్వ మాత్రం ఫక్కున నవ్వింది.

"ఆమె పద్మ, నా కోడలు. మాటల్ రావు, వినరాదు. కంప్యూటర్ల దాని చెల్లెకు ఇది గిట్లనే కనవడుతదంట. బొమ్మోలె నిలవడుతదంట. అది చూపెడుతుంది నీకు."

"వినబడనప్పుడు చెవులకు దూదెందుకు అవ్వా?" అని అడిగాను, నా తత్తరపాటు కప్పిపుచ్చుకోవడానికి.

"వినకున్నా చెవులు చెవులే గద సారూ! గాలి దూరదా?" అంది.

సంగతంతా ఆమే చెప్పింది. పద్మ, చెల్లెలు గంగ, ఇద్దరూ పుట్టు చెవిటివాళ్లు. నందిపేట్‌లో పుట్టి పెరిగారు. బడికి పంపిన వాళ్లు లేరు, రాత రాదు. తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతూ ఇద్దరూ చేతులతో సొంతంగా ఒక భాష కల్పించుకున్నారు. అత్తగారింటికి వచ్చాక పద్మ దాన్ని సత్తవ్వకు నేర్పింది. గంగను పక్క రాష్ట్రంలోని భీవండిలో మరమగ్గాలు నడిపే కుటుంబానికి ఇచ్చారు. అక్కడ ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. కంప్యూటర్‌కు కెమెరా వచ్చాక, భర్త ఆమెను నెట్ సెంటర్‌కు తీసుకొస్తే, అక్కాచెల్లెళ్లు మొదటిసారి దూరం నుంచి మాట్లాడుకున్నారు. కొన్నాళ్లు బాగానే నడిచింది.

"ఇప్పుడు గంగకు నెలలు నిండినయి" అంది సత్తవ్వ. చాట పక్కన పెట్టేసింది. "బిడ్డ అడ్డం తిరిగిందట. రేపు పొద్దుగాల ఆపరేషన్. అదేమో దవఖాన గేటు కాడనే కూలవడి ఏడుస్తుందట. చిన్నప్పుడు చెవులు బాగు చేపిస్తమని తీస్కపోయి, నలుగురు కాళ్లు చేతులు పట్టుకుంటే ఏమేమో చేసిండ్రు. ఎందుకు చేస్తుండ్రో దానికెట్ల తెలుస్తది? అప్పటి సంది తెల్లకోటు జూస్తే వణుకుతది. రేపు కూడ వినకపోతే పట్టుకొనే చేస్తం అంటుండ్రట సారూ. మళ్ల నలుగురు పట్టుకుంటరు."

పద్మకు తనదీ ఆపరేషనే. పదిరోజుల పసిగుడ్డు ఒళ్లో ఉంది, భీవండికి పోయే స్థితి కాదు. ఆపరేషన్‌కు ముందు ఆఖరిసారి, ఆ సాయంత్రం గంగను నెట్ సెంటర్‌కు తీసుకొస్తారు. భయపడాల్సింది ఏమీ లేదని చెప్పి ఆమెను నమ్మించగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. నేనేమో అంతా బాగుందని ఆమె ఇంట్లోనే కూర్చుని రాశాను.

బ్యాగు కింద పెట్టి మళ్లీ ఆ పేజీ తెరిచాను. అందులో పెద్ద అంకె కింద ఇంకో అంకె ఉంటుంది, అప్‌లోడ్ అని. డౌన్‌లోడ్ అంటే మన ఇంటికి వచ్చేది, అప్‌లోడ్ అంటే మన ఇంటి నుంచి పోయేది. ఎవరూ పట్టించుకోని అంకె అది. చూస్తే అక్కడ దాదాపు ఏమీ లేదు. అంటే గంగ ఏడుపు పద్మకు స్పష్టంగా కనిపిస్తోంది, పద్మ ఇచ్చే జవాబు గంగకు చేరడం లేదు. ఇన్నాళ్లుగా గంగ అడుగుతూనే ఉంది, అక్క బొమ్మలా చూస్తూ కూర్చుంటోంది. ఆ పిల్ల ఏమనుకొని ఉంటుందో! లైను బాగుంది అని రాసింది కొట్టేశాను.

బ్రాడ్‌బ్యాండ్ కావాలంటే ల్యాండ్‌లైన్ ఉండాల్సిందే కాబట్టి ఆ ఇంట్లో ఫోను కూడా ఉంది. మూలన, కొన్ననాటి ప్లాస్టిక్ కవరుతో, పైన కుంకుమ బొట్టుతో. కవరు తీసి రిసీవర్ చెవికి ఆనించాను. పెనం మీద నీళ్లు చిలకరించినట్టు ఒకటే చిటపట.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఉందవ్వా?"

"నాకేమెరుక! దాన్నెన్నడన్న ఎత్తితే గద? కొడుక్కు సెల్లున్నది. కోడలికి ఫోన్‌తోని పనేంది?"

ఇంకో ఇంట్లోనైతే మొదటి రోజే ఎవరో ఒకరు చెవి పగులుతోందని తిడుతూ ఫోను చేసేవాళ్లు. ఈ ఇంట్లో తీగ మొత్తుకుంటున్నా విన్నవాళ్లు లేరు. ఫోను మాటలూ, ఇంట్లోంచి బయటికి పోయే డేటా, రెండూ తక్కువ ఫ్రీక్వెన్సీలోనే నడుస్తాయి. జాయింటు చెడితే ముందుగా దెబ్బ తినేవి అవే. లోపలికి వచ్చేది ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద వస్తుంది, ఎట్లాగో ఈదుకుంటూ వచ్చేస్తుంది.

బయటికి పోయి తల ఎత్తి చూశాను. స్తంభం మీది డబ్బా నుంచి ఇంటి దాకా వచ్చే డ్రాప్ వైరు రోడ్డు దాటి వస్తోంది. మా వైపు చెరుకు సీజన్ సంగతి తెలిసినవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. ట్రాక్టరు మీద చెరుకు మేడంత ఎత్తు పేరుస్తారు. పైన ఒక మనిషి కొక్కెం కర్ర పట్టుకొని, అడ్డొచ్చిన తీగలను ఎత్తుతూ కూర్చుంటాడు. అతనికి కునుకు పడితే తీగ తెగుతుంది. తెగితే ఎవరూ చూడకముందే దిగి, రెండు కొసలూ మెలిపెట్టి, చేతికి దొరికింది చుట్టి పోతాడు. పాపం, చెడు చేయాలని కాదు, ఎవరి ఫోనూ ఆగకూడదనే చేస్తాడు. నిచ్చెన వేసి చూస్తే ఒక జాయింటుకు సైకిల్ ట్యూబు ముక్క, ఒకదానికి గోనె పీచు. మరోదానికి చక్కగా మడిచి ముడివేసిన చెరుకాకు. ఆకు విప్పితే లోపల రాగి పచ్చగా చిలుమెక్కి, పట్టుకోగానే పొడిపొడిగా రాలింది.

కొత్త వైరు కోసం స్టోరుకు రాస్తే వచ్చేసరికి గంగ బిడ్డకు బారసాల కూడా అయిపోతుంది. ఎక్స్ఛేంజికి పోయి, జనం వదిలేసిన ఫోన్ల దగ్గర విప్పి తెచ్చిన వైర్ల కుప్ప ముందు కూర్చున్నాను. ఎక్కడా జాయింటు లేని పొడుగు తీగ ఒకటి దొరికింది. రాజేందర్ ఇంటి కప్పు మీద ఇనుప పైపు నిలబెట్టాడు. దాని మీదుగా తీగను ఎత్తుగా లాగుతుంటే కింద చెరుకు ట్రాక్టరు వచ్చి ఆగింది.

"ఏ అన్నా! నిద్రపోతున్నవా పైన?" అని అరిచాను.

"నిద్రెక్కడిది సార్, చలికి పండ్లు కొట్టుకుంటున్నయి!" అన్నాడు పైనున్నాయన, కర్ర ఊపుతూ.

దిగి వచ్చి రిసీవర్ ఎత్తాను. డయల్ టోన్ తేటగా, ఒకే తీరుగా వినబడింది. స్పీడ్ టెస్ట్ పెట్టాను. కింది అంకె నిండుగా వచ్చింది. నా పని అయిపోయింది. కానీ పోకుండా అక్కడే కూర్చున్నాను.

సాయంత్రం పద్మ పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూలు మీద కూర్చుంది. ఫోటోలకు వాడే పెద్ద లైటును రాజేందర్ ఆమె ముఖం మీద కాకుండా చేతుల మీద పడేట్టు తిప్పాడు. తెర మీద గంగ కనిపించింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. పద్మ చేతులెత్తింది. గంగ ఉలిక్కిపడి తెర దగ్గరికి వంగింది. అక్క కదులుతోంది!

లైను బాగయ్యాక "క్లియర్‌గా వినబడుతోందా?" అని అడగడం నా అలవాటు. నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను.

ఆ తర్వాత చూసినదాన్ని ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. గదిలో చప్పుడు లేదు. రోడ్డు మీద ట్రాక్టర్లు పోతున్నాయి, అంతే. ఆ స్టూలు మీద మాత్రం పది మంది ఒకేసారి మాట్లాడుతున్నంత సందడి. వేళ్లు, మణికట్లు, కనుబొమలు, భుజాలు, అన్నీ మాటలే. సత్తవ్వ నా పక్కన నిలబడి గుసగుసగా చెప్పసాగింది. మాట్లాడుకునేవాళ్లకు ఏదీ వినబడని చోట గుసగుస ఎందుకో ఆమెకే తెలియాలి.

"నలుగురు పట్టుకుంటరా అని అడుగుతుంది."

పద్మ నాలుగు వేళ్లు చూపింది. ఒక్కొక్కటిగా మడిచేసింది. ఖాళీ పిడికిలి తిప్పి చూపించి, తన గుండె మీద ఆనించుకుంది.

"ఎవ్వలు పట్టుకోరు, నా మీద ఒట్టు అంటుంది."

"నొస్తదా అని అడుగుతుంది సారూ."

పద్మ అబద్ధం చెప్పలేదు. చెంప కింద అరచేయి పెట్టి నిద్ర చూపింది. కళ్లు తెరిచి, పొట్ట పట్టుకొని, ముఖం చిట్లించింది. నొస్తుంది, నాకూ నొచ్చింది, అని. వెంటనే సత్తవ్వ చేతిలోంచి బిడ్డను అందుకొని లైటు కిందికి ఎత్తింది. బిడ్డ కాళ్లు తన్నుకుంది. అవతల గంగ కళ్లు తుడుచుకొని, వేలు చాచి తెరను తాకింది. జీవితమంతా తీగలో గొంతు మాత్రమే పోతుందనుకున్న మనిషిని నేను. నేను కట్టిన తీగలో ఆ సాయంత్రం రెండు చేతులు భీవండి దాకా పోయి ఒక పిల్ల కన్నీళ్లు తుడిచాయి.

కొడుకు సెల్లు గుంజుకొని సత్తవ్వ గంగ భర్తకు ఫోను చేసింది. "ఇను అయ్యా. డాక్టరమ్మకు గట్టిగ చెప్పు. ఎవ్వలు పట్టుకోవద్దు. అదే నడిచి పోతది. పట్టుకుంటిరో, మా కోడలి మాట పోతది."

మర్నాడు పొద్దున ఎక్స్ఛేంజిలో నాకు పని తోచలేదు. మధ్యాహ్నం ఫోను మోగింది. చూస్తే ఆ ఇంటి ల్యాండ్‌లైన్ నంబరే.

"సారూ, కవర్ దీసి నేనే ఎత్తిన. గరగర లేదు" అంది సత్తవ్వ. "ఆడపిల్ల. తల్లీబిడ్డ మంచిగున్నరు. అదే నడిచి పోయిందట సారూ, బల్ల మీదికి అదే ఎక్కిందట."

ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా నెట్టు నెమ్మదిగా ఉందని ఏ ఇంటికి పోయినా స్పీడ్ టెస్ట్ తెరవడానికి ముందు, మీరు ఈ లైను మీద ఏం పంపుతారు, ఎవరికి పంపుతారు అని అడగడం నేర్చుకున్నాను. సినిమా దిగడం లేదన్న వాళ్లను కూడా అడిగాను. కొందరు నాకు పిచ్చి అనుకున్నారు, అనుకోనీ. కింది అంకె చూడకుండా ఏ ఇంటి గడపా దాటలేదు.

కొన్ని వారాల తర్వాత ఆ దారిన పోతుంటే రాజేందర్ కేకేసి లోపలికి పిలిచాడు. పద్మ నన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టింది. తెర మీద గంగ, ఒళ్లో బిడ్డ. గంగ నన్ను చూసి, రెండు చూపుడు వేళ్లు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి, గట్టిగా బిగించింది. తీగ కొసలు కలిపేటప్పుడు మేం చేసేది అదే. నాకు అర్థం కాక సత్తవ్వ వైపు చూశాను.

"అది నీ పేరు సారూ" అంది. "ఆళ్ల మాటల అందరికీ పేర్లుంటయి. నీకు ఇది వెట్టిండ్రు."

నేనూ రెండు వేళ్లు మెలిపెట్టి కెమెరాకు చూపించి, నా పేరు చెప్పుకున్నాను.