చదువులక్కయ్య బల్లమీది హోరు

లైబ్రరీలో ఆవిడను అందరూ చదువులక్కయ్య అంటారు. చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు పైకి చదివి రికార్డు చేయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా చదువుతోంది. ఆ గొంతంటే చెవి కోసుకునేవాళ్లు ఊరినిండా ఉన్నారు.

మొన్నటిదాకా ఆ రికార్డులు ఒక కంపెనీ సర్వర్‌లో ఉండేవి. నెలనెలా డబ్బు కట్టేస్తే మిగతా తలనొప్పంతా వాళ్లదే. సుఖమే, కాదనను. కానీ బటన్ల చోటు మార్చడం వాళ్లకో సరదా. మార్చినప్పుడల్లా పాపం, వినేవాళ్లకు పుస్తకం ఎక్కడుందో దొరికేది కాదు. మొరపెట్టుకుంటే మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని జవాబు. ఏం చేసుకోను ఆ విలువను! అక్కయ్యకు చిర్రెత్తుకొచ్చి అల్లుణ్ణి పిలిపించింది. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోగల సాఫ్ట్‌వేర్ ఒకటి అతను పాత కంప్యూటర్‌లో ఎక్కించాడు. రికార్డులన్నీ అందులోకి మార్చి, బటన్లను ఒకచోట కదలకుండా కూర్చోబెట్టాడు.

ఇంటర్నెట్ తీగ రికార్డింగు గదిదాకానే వచ్చింది. ఆ కంప్యూటర్ పెట్టె కళ్లెదుట ఉండాలని అక్కయ్య దాన్ని తన బల్లమీదే పెట్టించుకుంది. దాని హోరు మైకులో పడసాగింది. అందుకని చదవడానికి కూర్చున్నప్పుడల్లా ఎంచక్కా స్విచ్ కట్టేసేది. అవతల జనానికి కథ మధ్యలో ఆగిపోయేది. ఇక ఫోన్లే ఫోన్లు. శుక్రవారంలోగా తేలకపోతే మళ్లీ కంపెనీ దగ్గరికే పోదామన్నారు లైబ్రేరియన్ గారు. ఫోన్లెత్తి తిట్లు తినేది ఆయనే మరి. అక్కయ్యకు మనసొప్పలేదు. వినేవాళ్లను మళ్లీ ఆ బటన్ల వెతుకులాటలోకి తోయడమా?

శుక్రవారం పొద్దున్నే, అందరికంటే ఎక్కువసార్లు ఫోన్ చేసిన పెద్దాయన చేతికర్రతో స్వయంగా దిగాడు. చూపు పోకముందు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. బల్లమీద అరచెయ్యి ఆనించి కాసేపు విన్నాడు. పెట్టెది చిన్న చప్పుడే, దాన్ని పెద్దది చేస్తున్నది ఈ బల్లేనని తేల్చాడు. ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులిపించి, పెట్టెను నేలమీద మందపాటి రబ్బరు ముక్కపై పెట్టించాడు. ఈసారి అక్కయ్య స్విచ్ కట్టకుండానే ఒక అధ్యాయం చదివింది. పెద్దాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆసాంతం విన్నాడు.

"మీ గొంతు తప్ప ఇంకేం లేదమ్మా," అన్నాడు.

లైబ్రేరియన్ గారికి ఇంకా గుంజాటనే. అల్లుడు ఊళ్లో లేనప్పుడు ఇది మొరాయిస్తే ఎవరు చూస్తారన్నారు.

"ఆగిపోతే ముందు తెలిసేది మాకే కదండీ. చూసుకునే పని కూడా మాకే ఇవ్వండి," అన్నాడు పెద్దాయన.

సాయంత్రానికల్లా, ఫోన్లు చేసి విసిగించినవాళ్లలోనే తొమ్మిదిమంది పని నేర్చుకుని వంతులు వేసుకుంటామన్నారు. కంపెనీ మాట మళ్లీ ఎత్తలేదు లైబ్రేరియన్ గారు. అక్కయ్యకైతే సంతోషంతో గొంతు పూడుకుపోయి, ఆ రోజు ఇంకొక్క పేజీ కూడా చదవలేకపోయింది.